బాయి గట్టు మీద ఆరోగ్య శాఖ

మక్తల్ చుట్టుపక్కల ఊళ్లలో ఎనభై దాటిన అవ్వనో తాతనో మోకాళ్ల నొప్పులని మహబూబ్‌నగర్‌కో రాయచూరుకో తీసుకుపోయి ఎక్స్‌రే తీయిస్తే అప్పుడప్పుడు ఒక తమాషా జరుగుతుంది. ఫిలిం మీద ఎముక పక్కన, కండలో, చుట్టలు చుట్టుకున్న తెల్లటి గీత ఒకటి కనబడుతుంది. కుర్ర డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి అటు తిప్పి చూస్తాడు, ఇటు తిప్పి చూస్తాడు. పక్క గదిలోని పెద్ద డాక్టరును పిలుద్దామా అని ఆలోచిస్తాడు. అవ్వకు మాత్రం కంగారేమీ ఉండదు. "అది నారి బిడ్డా. మూడు ఎల్లినయి, ఒకటి లోపల్నే సచ్చింది" అంటుంది, పాత చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

ఆ డాక్టరును తప్పుపట్టకండి. ఆయన పుస్తకంలో నారికురుపు ఒక పేరాగ్రాఫుకు మించి ఉండదు. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో దొరికింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంలో ఈ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. లోపల చచ్చిపోయిన పురుగు చుట్టూ సున్నం పేరుకుని అలాగే ఉండిపోతుంది, అదే ఎక్స్‌రేలో తెల్లగా కనబడేది. అంటే పాలమూరు పెద్దల కాళ్లలో ఆరోగ్య శాఖ వారి పాత రికార్డు ఒకటి ఇంకా భద్రంగా ఉందన్నమాట. ఫైళ్లు చెదలు తిన్నా ఇది పోలేదు.

ఇవాళ మీతో ఆ పాత రికార్డు గురించే కాసేపు కబుర్లాడాలని ఉంది. వైద్యం చరిత్ర అనగానే మనవాళ్లు ఉస్మానియా దవాఖాన గుమ్మటాల దగ్గర మొదలుపెడతారు. మంచి కట్టడమే, కాదనను. కానీ 1940ల్లో, 50ల్లో మక్తల్ తాలూకాలో ఓ రైతుకు ఉస్మానియా ఎంత దూరమో ఆలోచించండి. ఆయన వరకు సర్కారు వారి వైద్యం వచ్చిందంటే అది నడిచి వచ్చింది, లేదా సైకిలు మీద వచ్చింది. వచ్చి దవాఖానలో కూర్చోలేదు, బాయి గట్టు మీద కూర్చుంది.

ముందు నారి సంగతి పూర్తి చేద్దాం, ఎందుకంటే దాని కథలో ఉన్నంత నిర్మొహమాటం ఇంకే జబ్బు కథలోనూ లేదు. నీళ్లలో సైక్లాప్స్ అని కంటికి సరిగ్గా ఆనని పురుగు ఉంటుంది. దాని కడుపులో నారి పిల్ల ఉంటుంది. దప్పికైన మనిషి చేదెడు నీళ్లు ఎత్తుకుని తాగుతాడు. సైక్లాప్స్ కడుపులో అరిగిపోతుంది, నారి పిల్ల అరగదు. పేగు గోడ దాటి ఒంట్లోకి పోతుంది. మగ పురుగు పని అయిపోగానే చచ్చిపోతుంది. ఆడది మాత్రం ఏడాది పాటు చర్మం కింద తిరుగుతూ మూరన్నర, రెండు మూరల దాకా పెరుగుతుంది. మనిషికి ఈ సంగతేమీ తెలియదు. ఏడాది నిండే వేళకు ఎక్కువగా కాలి మీదనే ఒక బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది. ఆ మంటకు మనిషి ఏం చేస్తాడు? కాలు నీళ్లలో పెడతాడు. సరిగ్గా పురుగుకు కావలసింది అదే. కాలు తడవగానే తల బయట పెట్టి లక్షల్లో పిల్లల్ని నీళ్లలోకి వదులుతుంది. సైక్లాప్స్ వాటిని మింగుతుంది. కథ మళ్లీ మొదటికి.

ఇప్పుడు మన దిగుడు బాయిని తలుచుకోండి. చేదబాయిలో తాడు దిగుతుంది, దిగుడు బాయిలో మనిషి దిగుతాడు. రాతి మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కుండ ముంచుకుని పైకి రావాలి. మాఘం, ఫాల్గుణం దాటేసరికి నీళ్లు అడుక్కు పోతాయి. ఊరంతా ఆ అడుగు నీళ్లలోనే దిగాలి. వాళ్ల కాళ్లలో ఎవరి కాలికో బొబ్బ ఉంటుంది. నీళ్లు తగ్గినకొద్దీ సైక్లాప్స్ చిక్కబడుతుంది. ఆ ఎండాకాలం తాగిన నీళ్లకు ఫలితం వచ్చే ఎండాకాలంలో కనబడుతుంది గనుక, తాగిన నీటికీ లేచిన కురుపుకూ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? నిన్న తిన్నదాన్ని అనుమానిస్తాం గాని పోయిన ఉగాదికి తాగిన నీళ్లను ఎవరు అనుమానిస్తారు!

వైద్యం చాలా సాదా. బయటికొచ్చిన కొసను పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా లాగడం. తొందరపడితే తెగుతుంది, తెగితే కాలు వాచి చీము పడుతుంది. వారాలకు వారాలు మంచం. ఇదంతా ఎప్పుడూ? ఎండాకాలం చివర. అంటే మిరుగు వచ్చి, దుక్కి దున్నే వేళకు ఇంటి పెద్ద కాలికి పుల్ల కట్టుకుని అరుగు మీద కూర్చుని వాన కేసి చూస్తుంటాడు. నారికురుపుతో మనుషులు చావడం అరుదు. అందుకే చాలాకాలం సర్కారుకు కూడా అది జబ్బుల లెక్కలో అంత పెద్దగా కనబడలేదు. విత్తనం పడని చేను ఏ దవాఖాన రిజిస్టరులో ఎక్కుతుంది చెప్పండి.

మన పొరుగున మైసూరు సంస్థానంలో, చిత్రదుర్గం వైపు, 1930ల్లో వి.ఎన్. మూర్తి, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున వచ్చిన డబ్ల్యూ.సి. స్వీట్ కలిసి ఒక ఉపాయం చేశారు. దిగుడు బావుల్లో సైక్లాప్స్‌ను తినే చేపల్ని వదిలారు. చేపలు తమ భోజనం తాము చేసుకున్నాయి, ఊరికి కురుపులు తగ్గాయి. నాకు ఈ కథ చాలా ఇష్టం. చేపకు జీతం లేదు, భత్యం లేదు, బదిలీ అసలే లేదు.

సరే, మందు లేని జబ్బు, టీకా లేని జబ్బు. దాన్ని పోగొట్టాలంటే డాక్టరు దగ్గరికి రోగి రావడం కాదు, బాయి దగ్గరికి ఎవరో ఒకరు పోవాలి. ఈ ఆలోచన మనకంటే ముందు ఇంగ్లండులో ముదిరింది. అక్కడ ఓ మోస్తరు పట్టణానికి కూడా మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ అని ఒక డాక్టరు ఉండేవాడు. డాక్టరే గాని నాడి పట్టుకుని మందు రాయడం ఆయన పని కాదు. ఆయన రోగి ఆ పట్టణం. మొదటివాడు 1847లో లివర్‌పూల్‌లో నియమితుడైన డాక్టర్ డంకన్. ఆ తర్వాత ఏడేళ్లకు లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు కలరా చావుల్ని వీధి వీధీ లెక్కవేసి బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి తీయించిన కథ మీరు వినే ఉంటారు. ఆ దారిలో నడిచినవాళ్లే ఈ ఆరోగ్యాధికారులందరూ. ఏటా ఒక నివేదిక రాసేవాళ్లు. ఎందరు పుట్టారు, ఎందరు చచ్చారు, ఏడాది నిండకుండా పోయిన పసివాళ్లెందరు, కంఠవాతం టీకా ఎందరికి పడింది, పాలలో నీళ్లెన్ని, ఐస్‌క్రీమ్ బండివాడి చేతులు శుభ్రమేనా, ఏ వీధిలో గోడలు చెమ్మ ఎక్కాయి, ఎలుకలెన్ని పట్టారు... అంతా అందులో ఉండేది. 1948లో వాళ్ల జాతీయ ఆరోగ్య సర్వీసు వచ్చి దవాఖానలన్నీ తన చేతిలోకి తీసుకున్నా టీకాలు, ఇంటింటికీ తిరిగే హెల్త్ విజిటర్లు కౌన్సిళ్ల దగ్గరే ఉన్నారు. 1974లో ఆ ఆరోగ్యాధికారి కుర్చీని కూడా తీసేశారు.

అలాంటి నివేదికను నేను తప్పుపట్టను, ఈర్ష్యపడతాను. ఎలుకల లెక్క రాసినవాడు పసిపిల్లల లెక్క కూడా రాస్తాడు. మన తాలూకాలో ఆ లెక్క ఎవరు రాసేవారో తెలుసా? పోలీసు పటేలు. నిజాం కాలం నుంచీ ఊళ్లో చావుపుట్టుకలు రాసి పైకి పంపే బాధ్యత ఆయనదే. ఆయనకున్న వంద పనుల్లో ఇదొకటి. దొంగతనం, తగాదా, మోతుబరి ఇంటికొచ్చిన సర్కారీ చుట్టం భోజనం, తర్వాత చావుపుట్టుకలు. ఆడపిల్ల పుట్టి మూడు రోజులకు పోతే పుట్టినట్టూ రాసేవాడు కాదు, పోయినట్టూ రాసేవాడు కాదు. గత్తర, అదే కలరా, వచ్చి వాడలో ఒకే వారంలో పాడెలు లేస్తే మాత్రం రాయక తప్పేది కాదు. తాలూకా కచేరీకి కబురు పోయేది, కచేరీ నుంచి జిల్లాకు పోయేది. జిల్లా నుంచి మనిషి తిరిగి వచ్చేసరికి గత్తర తన పని తాను చేసుకుపోయేది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేలు, పట్వారీ పదవుల్ని రద్దు చేసినప్పుడు జనం సంతోషించారు, సంతోషించాల్సిన విషయమే. ఆ చావుపుట్టుకల పుస్తకం మాత్రం ఎవరి చేతికి పోయిందని అప్పట్లో ఎక్కువమంది అడగలేదు.

గత్తరప్పుడు వచ్చిన ఆ మనిషి ఏం చేసేవాడు? బాయిలో ఎర్రమందు కలిపేవాడు. నీళ్లు గులాబీ రంగుకు తిరిగేవి. ఆడవాళ్లు కుండ ముంచి ఎత్తి చూసి "ఇది తాగుడేంది" అని పక్క వాగులో చెలిమె తీసుకునేవాళ్లు. తర్వాతి కాలంలో బ్లీచింగు పౌడరు వచ్చింది. రంగు మారదు గానీ వాసన ఉంటుంది, ఆ వాసనకూ అదే సమాధానం. జాతరలంటే ఆరోగ్య శాఖకు గుండె దడ. కార్తీకంలో కురుమూర్తి జాతర లాంటి చోట వేల మంది ఒకే నీళ్ల మీద పడతారు గదా. అందుకని జాతర్లలో కలరా సూది వేయడం ఆనాటి పద్ధతి. దేవుడి దర్శనం కంటే ముందు సూది దర్శనం.

మశూచి కథ వేరు. గత్తర ఊరికి వస్తే భయపడ్డారు, అమ్మ పోస్తే భయంతో పాటు భక్తి కూడా. ఇంట్లో తాలింపు వేయరు, గడపకు వేపాకు కడతారు, బయటివాణ్ణి లోపలికి రానివ్వరు. ఆలోచిస్తే ఆ చివరిది మంచి వైద్యమే, ఇంగ్లండు ఆరోగ్యాధికారి కూడా అదే చెప్పేవాడు. అలాంటి ఇంటికి టీకాలాయన వచ్చాడు. ఒక చేతిలో తోలు సంచి, అందులో గుండ్రటి పళ్ల చక్రం ఉన్న చిన్న సాధనం. దాన్ని చేతి మీద ఆనించి గిర్రున తిప్పేవాడు. ఆ అచ్చులు ఇవాళ్టికీ మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతుల మీద రూపాయి బిళ్లంత ఉంటాయి. ఆయన ఊళ్లోకి వస్తున్నాడంటే పిల్లల్ని గాదెల వెనకా జొన్న చొప్ప వెనకా దాచేవాళ్లు. ఆయనకూ ఆ దాపులన్నీ తెలుసు. వాడకట్టు మొదట్లో అరుపు పుట్టి చివరి ఇంటి దాకా పోయేది. కొందరు తల్లులు ఆయన పోగానే ఆవు పేడతో అచ్చులు కడిగేవాళ్లని పెద్దలు చెప్పుకుని నవ్వుతారు.

దేశవ్యాప్తంగా మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. ఆ చక్రం పోయి రెండు మొనల సూది వచ్చింది. దాన్ని మందులో ముంచి పదిహేను సార్లు పొడవాలి, నేర్చుకోవడం తేలిక, మందు కూడా తక్కువ పడుతుంది. చివరి దశలో కేసు చూపించినవాళ్లకు బహుమానం పెట్టారు. అది పెరిగి పెరిగి 1975 నాటికి వెయ్యి రూపాయలు అయింది. ఆనాటి వెయ్యి! ఊళ్లో ఎవరికి ముఖం మీద చిన్న పొక్కు లేచినా పది కళ్లు దాని మీదే. దాచిపెట్టే ఊరిని చాటింపు వేసే ఊరిగా మార్చిన ఆ ఉపాయం ఎవరి తలకు తట్టిందో గాని వాడికి మన జనం బాగా తెలుసు. 1977లో భారతదేశం మశూచి లేని దేశమైంది.

ఇంక దోమ. మలేరియా దోమ వల్లే వస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్ ఆ పని చేసింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చాడు. దోమకాటుకు జీతం పుచ్చుకున్న మొట్టమొదటి తెలంగాణవాడు ఆయనే అయివుంటాడు. ఆ తర్వాత యాభై ఏళ్ల వరకూ మన పల్లెలో ఆ జ్ఞానం పెద్దగా దిగలేదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులు అని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో దాన్నే నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. డిడిటి పంపు భుజాన వేసుకుని జట్టు ఊళ్లోకి దిగేది. ఇంట్లో సామానంతా వాకిట్లో పెట్టాలి, కుండలు, మూటలు, పాత చాపలు, ఎవరింట్లో ఏముందో ఊరంతా చూసే రోజు. లోపలి గోడలకు తెల్లటి మందు కొట్టి, బయట గోడ మీద తేదీ వేసి పోయేవాళ్లు.

మొదట్లో జనం వాళ్లను పిలిచి మరీ కొట్టించుకున్నారు. దోమ కోసం కాదు, నల్లుల కోసం. డిడిటి పడ్డ ఇంట్లో మంచాల నల్లులు మాయమయ్యాయి. కొన్నేళ్లకు నల్లులు ఆ మందును అలవాటు చేసుకున్నాయి, వెంటనే జనానికి మందు మీద మోజు పోయింది. ఇంకో చిక్కు మన ఆడవాళ్ల శుభ్రత. మందు గోడ మీద నెలల తరబడి ఉంటేనే దానిపై వాలిన దోమ చస్తుంది. మనవాళ్లు పండుగొస్తే గోడ అలుకుతారు, పెళ్లొస్తే అలుకుతారు, పురుడొస్తే అలుకుతారు. సర్కారు వారి మందు మీద పేడా మన్నూ కలిపి ఒక పూత. జట్టు వాళ్లు "అలకొద్దమ్మా" అని మొత్తుకునేవాళ్లు. దసరాకు అలకని ఇల్లు ఉంటుందా! అయినా 1965 నాటికి దేశం మొత్తంలో మలేరియా కేసులు లక్ష దగ్గరికి దిగాయి. గెలిచామనుకుని కాళ్లు చాపుకున్నాం. 1976లో మళ్లీ అరవై నాలుగు లక్షలు దాటాయి. పంపు భుజాన మోసేవాణ్ణి ముందు తీసేసి, ఆ తర్వాత జ్వరం ఎందుకొచ్చిందని కమిటీ వేయడం మన దగ్గర పాత అలవాటు.

కమిటీ అంటే గుర్తొచ్చింది. 1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ నివేదిక ఇచ్చింది. నలభై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దానికి ఇద్దరు డాక్టర్లు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, నలుగురు మంత్రసానులు, తర్ఫీదు పొందిన నలుగురు దాయీలు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు కావాలన్నారు. ఇది తొలి మెట్టు మాత్రమే. తుది రూపంలో పదివేల నుంచి ఇరవై వేల మందికి డెబ్బై అయిదు పడకల దవాఖాన. చదువుతుంటే నోరూరుతుంది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై, దానితో పాటు ఆరోగ్య కేంద్రాలు కూడా వచ్చాయి. కాగితం మీద చెప్పిన జనాభాకు రెట్టింపు దాకా ఒకటే కేంద్రం, డాక్టరు కుర్చీ నిండితే గొప్ప. అయినా నన్నడిగితే ఆ కేంద్రాల్లో పనికొచ్చినవాళ్లు డాక్టర్ల కంటే ఎక్కువగా సైకిలు తొక్కినవాళ్లు. హెల్త్ అసిస్టెంటు, తర్వాత మల్టీపర్పస్ వర్కరు, ఏఎన్ఎం అక్క. 2005 తర్వాత ఆశా అక్క. ఏఎన్ఎం మెట్టు ఎక్కని ఇల్లు మా వైపు ఊళ్లలో అరుదు.

పెద్ద జబ్బు చేస్తే మక్తల్ వాళ్ల కళ్లు రెండు వైపులా చూస్తాయి. తూర్పున మహబూబ్‌నగర్, నైరుతిన రాయచూరు. రాయచూరు 1956 నవంబరు 1 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే, ఆ రోజు నుంచి కన్నడ రాష్ట్రం. సరిహద్దు గీశారు గానీ బస్సు ఆగలేదు, జనం ఆగలేదు. ఎంత గీసినా కాలిలోని నారి కూడా ఆగలేదు. ఇంకో పక్క జడ్చర్లలో మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ వారి దవాఖాన ఉండేది. పురుడు కష్టమైతే ఎడ్లబండి కట్టి అక్కడికి బయల్దేరిన కథలు పాలమూరు ఊళ్లలో చాలానే వింటాం. హైదరాబాద్ దాకా పోవాల్సి వస్తే నల్లకుంట కోరంటి దవాఖాన, అంటే అంటురోగాల దవాఖాన. ఆ పేరు వింటేనే సగం మంది జ్వరం తగ్గిందని తిరుగుముఖం పట్టేవాళ్లు.

మళ్లీ బాయి దగ్గరికి వద్దాం. 1983లో కేంద్రం నారికురుపు నిర్మూలనకు ఒక కార్యక్రమం పెట్టింది. 1984లో లెక్క వేస్తే ఏడు రాష్ట్రాల్లో, 89 జిల్లాల్లో, 12,840 ఊళ్లలో దాదాపు నలభై వేల కేసులు తేలాయి. ఆ ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ లెక్క ఎలా వచ్చిందో ఆలోచించండి. ఏడాదికి మూడు సార్లు ఇల్లిల్లూ తిరిగి "మీ ఇంట్లో ఎవరికైనా నారి లేచిందా" అని అడిగితే వచ్చింది. ఇంగ్లండు ఆరోగ్యాధికారి నివేదికకు సరితూగే పని అది, కాకపోతే చేసినవాడికి ఆయన కుర్చీ లేదు. లెక్క తర్వాత పని. దిగుడు బాయి మెట్లు మూసి, గిలక పెట్టి చేదబాయిగా మార్చడం, కొన్నిట్లో సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ మందు వేయడం. అన్నిటికంటే చవకైన మందు మాత్రం బట్ట. నీళ్లను రెండు మడతల బట్టతో వడబోసుకుంటే చాలు, సైక్లాప్స్ బట్ట మీదే ఉండిపోతుంది. ఏడాది తర్వాత లేవాల్సిన కురుపు లేవదు. కురుపు ఉన్న మనిషిని మాత్రం నీళ్లలో కాలు పెట్టనివ్వకూడదు. అంతే. కోట్ల రూపాయల టీకాలు కనిపెట్టే ఈ కాలంలో, ఒక జబ్బును చీర కొంగు లాంటి బట్టతో దేశం నుంచి పంపించామంటే మన పిల్లలు నమ్మరు.

బట్టకు తోడు బోరింగు వచ్చింది. ఇండియా మార్క్ టూ అని ఆ చేతిపంపు పేరు. 1970ల చివర నుంచి పల్లెపల్లెకూ దిగింది. దిగుడు బాయి మెట్ల మీద గడ్డి మొలిచింది. ఆడవాళ్ల బారు బోరింగు దగ్గరికి మారింది. తగాదాలూ అక్కడికే మారాయి. నారి పోవడానికి అది చేసిన మేలు చిన్నది కాదు. కానీ మన నేల గ్రానైటు నేల. లోతుకు పోయినకొద్దీ రాతిలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. నల్లగొండ వైపు మర్రిగూడ ప్రాంతంలో అది వంగిన కాళ్లై, పండ్ల మీద గోధుమ మచ్చలై కనబడింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థవారు 1970ల్లో కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడో ఆఫ్రికా ఊళ్లో కూడా దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక జిల్లాకు ఇలాంటి కీర్తి రావడం ఎవరు కోరుకుంటారు! 2016 నుంచి మిషన్ భగీరథ నల్లా వచ్చింది. మక్తల్ పక్కనే కృష్ణా తెలంగాణలోకి అడుగు పెడుతుంది, తంగడి దగ్గర భీమ వచ్చి కలుస్తుంది. అంత నీటి పక్కన ఉండి ఎండాకాలం దిగుడు బాయి అడుగు ముంచుకున్న ఊళ్లు మావి.

నారి మన దేశం నుంచి పోయింది గానీ లోకం నుంచి పూర్తిగా పోలేదు. 1986లో లోకంలో ముప్పై అయిదు లక్షల కేసులుంటే ఈ మధ్య ఏళ్లలో పది, ఇరవై మధ్యలో తేలుతున్నాయి. 2023లో పద్నాలుగే. అయినా ఎందుకు తెగడం లేదంటే, ఆఫ్రికాలోని చాద్ దేశంలో ఆ పురుగు కుక్కల్లోకి చేరింది. అందుకని నారి లేచిన కుక్కను చూపించి నీళ్ల వైపు పోకుండా కట్టేసినవాళ్లకు అక్కడ డబ్బులిస్తున్నారు. మొన్న ఈ సంగతి మా వైపు ఒక తాతకు చెప్పాను. మోకాలి కింద పాత మచ్చను గోక్కుంటూ అంతా విన్నాడు. విని అన్నాడు: "మా కాలంల మమ్ములనే ఎవ్వలు బాయి కాడ ఆపలేదు బిడ్డా, ఇప్పుడు కుక్కలను కట్టేసి పైసలిస్తున్నరా? ఆ దేశం ఏడుందో జరంత చెప్పు, మావోడు ఖాళీగనే ఉన్నడు."